డాక్‌బుక్ స్టైల్‌షీట్ల మార్పులకు గిట్: ఏళ్ల వాడకం తర్వాత

డాక్‌బుక్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్‌లో రాసిన మాన్యువళ్లను వెబ్ పేజీలుగా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్లను (మార్పిడి నియమాలున్న ఫైళ్లను) ఏళ్లుగా, ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే గిట్‌లోనే పెట్టి నడుపుతున్నాం. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో గిట్ చక్కగా చెబుతుంది. ఆ మార్పు వల్ల ఏ పేజీ ఏమైందో చెప్పదు. స్టైల్‌షీట్ల దగ్గర కావలసింది ఆ రెండోదే. అందుకని ఒక చిన్న నమూనా పత్రాన్నీ, దాన్నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌నూ అదే రిపోలో (గిట్ ఫైళ్లను దాచే చోట) ఉంచాలి. టేబుల్, ఫుట్‌నోట్, క్రాస్ రిఫరెన్స్, ఇండెక్స్, లిస్టులో లిస్టు, కోడ్ లిస్టింగ్ అన్నీ అందులో ఉండాలి. పుట్టించిన ఫైళ్లను కమిట్ చేయొద్దన్న (గిట్‌లో నమోదు చేయొద్దన్న) నియమాన్ని ఇక్కడ పక్కన పెట్టడమే మంచిది.

మొదట ఇబ్బంది పెట్టేది డిఫ్‌లో (రెండు వెర్షన్ల తేడాల జాబితాలో) చెత్త. స్టైల్‌షీట్లను నడిపే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ ప్రోగ్రామ్ చాలా వెర్షన్లలో జనరేట్-ఐడీ ఫంక్షన్ మెమరీ చిరునామా ఆధారంగా ఐడీలు ఇస్తుంది. అక్షరం మారకపోయినా రన్ రన్‌కీ అవి వేరుగా వస్తాయి. 'జనరేట్.కన్సిస్టెంట్.ఐడీస్' పారామీటర్‌ను 1 చేస్తే కొంత శాంతి. అయితే అది ఎలిమెంట్ల వరుసను లెక్కపెడుతుంది కాబట్టి మధ్యలో ఒక పేరా చేర్చగానే అదే సెక్షన్‌లో దాని కిందివన్నీ జరుగుతాయి. గట్టి మందు ఒకటే: ప్రతి అధ్యాయానికీ, సెక్షన్‌కూ, బొమ్మకూ మూలంలోనే ఎక్స్‌ఎంఎల్ ఐడీ ఇచ్చి, 'యూజ్.ఐడీ.యాజ్.ఫైల్‌నేమ్' 1 చేయడం. లేకపోతే ఫైలు పేర్లు కూడా వరుస నంబర్ల మీదే నడుస్తాయి, కొత్త సెక్షన్ రాగానే బయటి లింకులు తప్పు పేజీకి పోతాయి.

తర్వాతిది డాక్‌బుక్ ప్రాజెక్టు ఇచ్చే మూల స్టైల్‌షీట్ల వెర్షన్. క్యాటలాగ్‌లో (వెబ్ చిరునామాలను మెషీన్‌లోని ఫైళ్లకు మళ్లించే జాబితాలో) 'కరెంట్' అన్న చిరునామాను ఇంపోర్ట్ చేస్తే, మెషీన్‌లో ఏది ఇన్‌స్టాల్ అయి ఉంటే అదే వస్తుంది. పేజీ హెడ్‌లోని జనరేటర్ మెటా ట్యాగ్ 1.79.1లో నంబర్ చూపేది. 1.79.2లో 'స్నాప్‌షాట్' అని మాత్రమే ఉంటుంది, కాబట్టి పేజీని చూసి వెర్షన్ పట్టలేం. పైగా 1.79.2లో ప్యాకేజీల పేర్లు తారుమారయ్యాయి. పాత 'డాక్‌బుక్-ఎక్స్‌ఎస్‌ఎల్' పేరు నేమ్‌స్పేస్ (ఎలిమెంట్ ఏ భాషదో చెప్పే గుర్తు) ఉన్నదానికి వెళ్లింది, లేనిదానికి 'నాన్స్' తోక తగిలింది. తప్పుది పెట్టినా పని ఆగదు, లాగ్‌లో ఒక నోట్ పడి ఊరుకుంటుంది. మూల స్టైల్‌షీట్లను మొత్తంగా రిపోలోకి తెచ్చి ట్యాగ్ (వెర్షన్ గుర్తు) వేయడమే నమ్మకమైన దారి. 1.79.2లో పెద్ద స్ట్రింగ్‌ల దగ్గర రికర్షన్ (తన్ను తానే మళ్లీ మళ్లీ పిలుచుకోవడం) లోతు మించే లోపానికి ప్యాచ్ వేస్తే దాన్ని విడి కమిట్‌గా ఉంచండి.

మూలాన్ని ముట్టుకోకుండా కస్టమైజేషన్ లేయర్‌లో (మూలాన్ని ఇంపోర్ట్ చేసుకునే మన సొంత ఫైలులో) టెంప్లేట్‌ను (ఒక ఎలిమెంట్‌ను ఎలా మార్చాలో చెప్పే నియమాన్ని) కాపీ చేసి మార్చుకోవడం అందరూ చేసేదే. దాన్ని రెండు కమిట్లుగా చేయాలి: మొదటిది మూలంలో ఉన్నది ఉన్నట్టు, రెండోది మన మార్పు. అప్పుడు అప్‌గ్రేడ్ రోజున మనం ఏం మార్చామో రెండో కమిట్ చూపుతుంది, మూలం వాళ్లు ఏం మార్చారో రెండు ట్యాగుల మధ్య డిఫ్ చూపుతుంది. ఈ ఒక్క అలవాటుకే గిట్ పూర్తి మార్కులు తెచ్చుకుంది.

మెర్జ్ (బ్రాంచీలను, అంటే విడివిడిగా సాగే పనులను, కలపడం) దగ్గర మాత్రం గిట్‌ను నమ్మకూడదు. రెండు బ్రాంచీల్లో ఇద్దరు ఒకే మ్యాచ్ (ఏ ఎలిమెంట్‌కో), ఒకే మోడ్‌తో (ఏ సందర్భానికో) వేర్వేరు చోట్ల టెంప్లేట్లు చేర్చారనుకోండి. లైన్లు ఢీకొనవు, కాన్‌ఫ్లిక్ట్ రాదు. ప్రాధాన్యం సమానమైతే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ ఫైలులో చివరున్నదాన్ని తీసుకుంటుంది, మొదటివాళ్ల పని చప్పుడు లేకుండా మాయమవుతుంది. దాన్ని పట్టేది నమూనా అవుట్‌పుట్ డిఫ్ ఒక్కటే.

చివరగా ఒక చిన్న సెట్టింగ్. గిట్ అట్రిబ్యూట్స్ ఫైలులో ఎక్స్‌ఎస్‌ఎల్ ఫైళ్లకు ఒక డిఫ్ డ్రైవర్ పేరిచ్చి, గిట్ కాన్ఫిగ్‌లో దాని ఎక్స్‌ఫంక్‌నేమ్‌కు టెంప్లేట్ మొదలయ్యే లైను నమూనా పెట్టండి. డిఫ్‌లో ప్రతి ముక్క పైనా ఏ టెంప్లేటో కనిపిస్తుంది, ఒక్క టెంప్లేట్ చరిత్రనే లాగ్‌లో విడిగా చూడవచ్చు.