తిరుపతిలో యూనివర్సిటీ దగ్గర ఫ్లాట్: రాబోయే హైరైజా, కట్టి ఉన్న అపార్ట్‌మెంటా?

మా అమ్మాయికి పద్మావతి మహిళా యూనివర్సిటీలో బీటెక్ సీటు వచ్చినప్పటి నుంచి చిత్తూరులో బంధువులూ ఆఫీసువాళ్లూ ఒకటే ప్రశ్న. "కొత్తగా కట్టబోయే టవర్‌లో బుక్ చేశారా, ఉన్నదే కొన్నారా?" రెండు నెలలు అవీ ఇవీ తిరిగి చూసి, పోయిన నెలలో ఒకటి ఖాయం చేసుకున్నాం. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను.

ముందు ఏ యూనివర్సిటీకి దగ్గరో చూసుకోండి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ యూనివర్సిటీ అన్నీ ఊరికి పడమటి వైపే, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఐఐటీ, సైన్స్ చదువుల సంస్థ ఐసర్ మాత్రం ఊరికి దూరంగా ఏర్పేడు వైపు. అక్కడ చదివే పిల్లలు క్యాంపస్‌లోనే ఉంటారు, వాళ్ల కోసం ఊళ్లో ఫ్లాట్ కొనక్కర్లేదు.

హైరైజ్‌లో నాకు నచ్చినవి చాలానే ఉన్నాయి. రెండు మూడు లిఫ్టులు, జనరేటర్, కారుకు సొంత చోటు, గేటు దగ్గర రాత్రీ పగలూ మనిషి. పై అంతస్తుల నుంచి శేషాచలం కొండలు కనిపిస్తాయంటే మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. డబ్బు కూడా పని సాగేకొద్దీ విడతలుగా కట్టుకోవచ్చు. ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను అదుపు చేసే రెరా చట్టం వచ్చాక ధైర్యమూ పెరిగింది. కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసం తెరిచిన విడి ఖాతాలోనే ఉంచాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు.

అయినా మేం అటు వెళ్లలేదు, తేదీ దగ్గర ఆగిపోయాం. బుకింగ్ ఆఫీసులో అబ్బాయి నాలుగేళ్లలో తాళాలు ఇస్తామన్నాడు. అమ్మాయి చదువూ నాలుగేళ్లే. ఇల్లు మా చేతికొచ్చేసరికి దాని చేతికి డిగ్రీ వచ్చేస్తుంది. కాలేజీకి దగ్గరగా ఉంటుందనే కదా ఎక్కువ ధర పెట్టేది? ఆ దగ్గరతనం అవసరమైన నాలుగేళ్లూ మేం అద్దె ఇంట్లోనే గడపాలి. నెలకు 12 వేలు అద్దె అనుకున్నా నాలుగేళ్లకు 5,76,000. దానికి తోడు అప్పటిదాకా తీసుకున్న లోన్ మీద వడ్డీ. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు మామూలుగా 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, 60 లక్షల మీద 3 లక్షలు.

ఆ నాలుగేళ్లయినా నాలుగేళ్లేనా? మా బావ వేరే ఊళ్లో ఇలాగే బుక్ చేస్తే రెండేళ్లు ఆలస్యమైంది. ఒకటో తారీకున అద్దె, ఐదో తారీకున బ్యాంకు వడ్డీ. ఆ రెండేళ్లూ మా అక్క ఒక్క పండక్కి కూడా పుట్టింటికి రాలేదు. ఆలస్యమైతే బిల్డర్ వడ్డీ చెల్లించాలని చట్టంలో ఉంది, కానీ దాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ తిరగాలి.

చివరికి ఎంఆర్ పల్లి వైపు ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు తీసుకున్నాం. పాతది కాబట్టి జీఎస్టీ లేదు. భూమిలో మా వాటా 13 అంకణాలు (అంకణం అంటే ఈ వైపు స్థలం కొలత). అంతే సైజు ఫ్లాట్‌కు టవర్‌లో చెప్పిన వాటా ఇందులో సగం కూడా లేదు. అమ్మాయితో కలిసి సాయంత్రం ఆరు గంటలకు నడిచి చూశాను, కాలేజీ గేటుకు 14 నిమిషాలు. దారంతా దీపాలున్నాయి.

లోపాలు దాచను. లిఫ్టు ఒక్కటే, అదీ ఇరుకు. బాత్రూం కుళాయి మూతి చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే గోటితో గీకి చూశాను, రాలేదు. బోరు నీళ్లు. వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి అడిగితే, "ఎండాకాలంలో రెండ్రోజులకో ట్యాంకర్ తెప్పిస్తారు సార్" అన్నాడు. ఆ ఖర్చు లెక్కేసుకునే బేరమాడాను. 2021 నవంబరు వానలకు ఈ వైపు నీళ్లు నిలిచిన సంగతి అందరికీ గుర్తే. శ్రీకృష్ణానగర్‌లో భూమిలో ఉన్న సిమెంటు రింగుల తొట్టి పైకి లేచిందీ అప్పుడే. కింది ఇంటి పెద్దాయన ప్రహరీ మీద మోకాలెత్తు గీత చూపించి, "ఇంతవరకు వచ్చింది నాయనా" అన్నారు. అందుకే కింది అంతస్తు వద్దనుకున్నాం.

ఊరి బయట స్థలం కొని కట్టుకోమన్నవాళ్లూ ఉన్నారు. అది చదువైపోయాక ఆలోచించాల్సిన మాట.

పిల్లలు ఇంకా ఆరేడు తరగతుల్లో ఉంటే మాత్రం హైరైజే చూడండి, తేదీ కొంచెం జరిగినా తట్టుకోగలరు. బ్రోషర్‌లో వేసిన తేదీని పట్టించుకోకండి. రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేరు కొడితే బిల్డర్ రాసిచ్చిన గడువు కనిపిస్తుంది. అగ్రిమెంటులో అదే తేదీ ఉందో లేదో చూశాకే చెక్కు ఇవ్వండి.