మొదటి ఎయిర్‌సాఫ్ట్ గన్: బ్యాటరీదా, గ్యాస్‌దా, ఎయిర్ ట్యాంక్‌దా? ఏది మేలు?

అమెరికాలో ఎయిర్‌సాఫ్ట్ కొత్తగా మొదలుపెట్టే మన కుర్రాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ గన్ కొనాలి?" నా జవాబు ముందే చెప్పేస్తాను. నెలకు ఒకటి రెండుసార్లు ఆడే మనిషికి మొదటి గన్‌గా బ్యాటరీతో నడిచే ఏఈజీయే మేలు. గ్యాస్ బ్లోబ్యాక్, అంటే జీబీబీ, రెండో గన్‌గా బాగుంటుంది. ఎయిర్ ట్యాంకుతో నడిచే హెచ్‌పీఏ సంగతి కనీసం ఓ ఏడాది ఆడాక చూసుకోవచ్చు. అయితే ఎందుకో తెలియకుండా కొంటే ఏఈజీ మీద కూడా డబ్బు వృథా అవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఎయిర్‌సాఫ్ట్‌లో వాడేవి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుళ్ళు, వాటినే బీబీలంటారు. పెయింట్‌బాల్‌లోలాగా బట్టల మీద రంగు పడదు. తగిలితే తగిలిందని మనమే "హిట్" అని అరిచి, చెయ్యెత్తి పక్కకు వెళ్ళిపోవాలి. ఆట మొత్తం ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. ఇది జపాన్‌లో పుట్టింది, అక్కడ అసలు తుపాకులు సామాన్యులకు దాదాపు దొరకవు. 1991లో టోక్యో మరుయి కంపెనీ ఫామాస్ నమూనాతో మొదటి ఏఈజీని తెచ్చింది. ఇప్పుడు మైదానాల్లో కనిపించే బ్యాటరీ గన్‌లలో ఎక్కువ భాగం ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి.

లోపల ఏం జరుగుతుంది

ఏఈజీలో ట్రిగ్గర్ నొక్కగానే మోటారు మూడు గేర్లను తిప్పుతుంది. గేర్లు పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగ్‌ను బిగిస్తాయి. గేరు పట్టు వదలగానే పిస్టన్ ముందుకు దూసుకొచ్చి సిలిండర్‌లోని గాలిని తోస్తుంది. ఆ గాలే బీబీని బయటికి నెడుతుంది. గ్యాస్‌తో పని లేదు కాబట్టి ఎండైనా చలైనా వేగం పెద్దగా మారదు.

జీబీబీలో గుళ్ళు నింపే మ్యాగజీనే గ్యాస్ ట్యాంకు. లోపల గ్యాస్ ద్రవ రూపంలో ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది. కొంత గ్యాస్ బీబీని తోస్తుంది, మిగతాది బోల్ట్ అనే లోపలి కదిలే భాగాన్ని వెనక్కి కొడుతుంది. భుజానికి తగిలే ఆ కుదుపు కోసమే జనం దీన్ని ఇష్టపడతారు, అందులో తప్పేమీ లేదు. గుళ్ళు అయిపోతే బోల్ట్ వెనకే ఆగిపోతుంది, అసలు తుపాకీలో ఆగినట్టే.

చిక్కంతా ఆ ద్రవంతోనే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు మ్యాగజీన్ నుంచి వేడిని లాగేస్తుంది. హోటల్ వంటగదిలో పెద్ద మంట మీద వాడే సిలిండర్‌కి బయట మంచు పట్టడం చూసే ఉంటారు, ఇదీ అంతే. గ్రీన్ గ్యాస్ అని అమ్మేది కూడా ప్రధానంగా ప్రొపేనే, కాస్త సిలికాన్ ఆయిల్ కలిపి ఉంటుంది. వరసగా ఇరవై గుళ్ళు కాల్చి మ్యాగజీన్ పట్టుకుంటే చేతికి చల్లగా తగులుతుంది. లోపల ఒత్తిడి తగ్గిపోయి ఇరవై ఒకటో గుండు మొదటిదానంత దూరం పోదు.

హెచ్‌పీఏలో నడుముకో వీపుకో కట్టుకున్న ట్యాంకులో 3000 లేదా 4500 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి నింపుతారు. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని బాగా తగ్గించి, సన్నటి గొట్టం ద్వారా గన్‌లోకి పంపుతుంది. ప్రతి గుండూ ఒకే వేగంతో వెళ్ళడంలో, ట్రిగ్గర్ నొక్కిన వెంటనే పేలడంలో దీన్ని మించింది లేదు. కానీ గొట్టం పొదలకు తగులుకుంటుంది. ట్యాంకు నింపే చోటు దగ్గర్లో ఉండాలి. అమెరికాలో కార్బన్ ఫైబర్ ట్యాంకులకు అయిదేళ్ళకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడి పరీక్ష, చేయించాలి. పైగా రెగ్యులేటర్ తిప్పితే గన్ వేగం పెరిగిపోతుంది కాబట్టి చాలా మైదానాలు దానికి లాక్ వెయ్యమంటాయి. కొత్తవాడికి ఇంత తలనొప్పి అక్కర్లేదు.

మీరుండే ఊరిని బట్టి

ఈ విషయం వీడియో రివ్యూల్లో తక్కువగా వినిపిస్తుంది, కానీ మనకు ఇదే ముఖ్యం. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటే జీబీబీ ఏడాదిలో ఎక్కువ నెలలు హాయిగా పనిచేస్తుంది. షికాగో, న్యూజెర్సీ, మిషిగన్‌లలో నవంబరు నుంచి మార్చి దాకా బయట ఆడే ఆటలో దాన్ని నమ్ముకోలేం. కొందరు మ్యాగజీన్లను జాకెట్ లోపల ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుకుంటారు. అది కొంతవరకే ఆదుకుంటుంది.

టెక్సస్ ఎండలో తిరకాసు ఇంకో వైపు నుంచి వస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద పాసైన జీబీబీ మధ్యాహ్నం ఎండెక్కాక పరిమితి దాటవచ్చు. మైదానంలో నిబంధనలు చూసే మార్షల్ మళ్ళీ కొలిస్తే ఆ రోజుకి గన్ పక్కన పెట్టాల్సిందే. ఏఈజీకి ఈ టెన్షన్ లేదు.

డబ్బు లెక్క

మామూలు ఏఈజీ సుమారు 150 నుంచి 250 డాలర్లలో దొరుకుతుంది. జీబీబీ రైఫిల్ దానికన్నా ఎక్కువే. అయితే అసలు తేడా మ్యాగజీన్ల దగ్గర వస్తుంది. ఏఈజీ మిడ్‌క్యాప్ మ్యాగజీన్ 10, 15 డాలర్లకు వస్తుంది, వంద పైచిలుకు బీబీలు పడతాయి. జీబీబీ రైఫిల్ మ్యాగజీన్‌లో పట్టేవి 30, 40. ఒక్కోటి 40 డాలర్లూ ఆపైనా పలుకుతుంది. రోజంతా ఆడాలంటే అలాంటివి అయిదారు కావాలి. అంటే మ్యాగజీన్ల ఖర్చే ఇంకో ఏఈజీ ధర. వాటి రబ్బరు సీళ్ళు ఎండిపోతే గ్యాస్ కారుతుంది, మరమ్మతు ఖర్చు వేరే. హెచ్‌పీఏలో గన్ లోపల పెట్టే ఇంజిన్, ట్యాంకు, రెగ్యులేటర్ కలిపితే గన్ ధర కాకుండానే చాలా అవుతుంది.

ఏఈజీకి అదనంగా కొనాల్సినవి బ్యాటరీ, ఛార్జర్. ఇక్కడ మాత్రం చౌకరకం కొనకండి. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చాలు. "11.1 పెడితే స్పీడు పెరుగుతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. గుళ్ళు వరసగా కాల్చే స్పీడు పెరిగే మాట నిజమే, కానీ మాస్‌ఫెట్ (కరెంటును ట్రిగ్గర్ కాంటాక్టుల మీద పడనివ్వని ఎలక్ట్రానిక్ స్విచ్) లేని గన్‌లో ట్రిగ్గర్ దగ్గరి రాగి కాంటాక్టులు ఆ కరెంటుకు కాలి నల్లబడతాయి. సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ వాడండి, దాన్ని పక్కనుండి గమనించండి. సెల్ ఒక్కటికి 3 వోల్టుల కన్నా తగ్గనివ్వకండి. వచ్చే ఆట రెండు వారాల తర్వాతైతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి. ఉబ్బిన బ్యాటరీని ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే, మళ్ళీ వాడకూడదు. ఆట అయ్యాక దాన్ని గన్‌లో ఉంచెయ్యకుండా బయటికి తీయడం అలవాటు చేసుకోండి.

ఆట నేర్చుకోవడానికి ఏది మేలు?

ఇక్కడ జీబీబీకి గట్టి వాదనే ఉంది. మూడొందల బీబీలు పట్టే హైక్యాప్ మ్యాగజీన్ పెట్టుకున్న ఏఈజీ ఆటగాడు ఆపకుండా చల్లుతూనే ఉంటాడు. గురి చూడడు, లెక్కపెట్టడు. జీబీబీ చేతిలో ఉంటే ముప్పై గుళ్ళే కాబట్టి ప్రతి గుండూ ఆలోచించి కాలుస్తాడు, చాటుకి వెళ్ళి మ్యాగజీన్ మార్చడం నేర్చుకుంటాడు. ఆ క్రమశిక్షణ నిజంగా విలువైనది.

కానీ దాన్ని ఏఈజీతోనూ తెచ్చుకోవచ్చు. గన్‌తో వచ్చిన హైక్యాప్ పక్కన పెట్టి మిడ్‌క్యాప్‌లు నాలుగు కొనండి. ఒక్కోదానిలో నలభై బీబీలే నింపండి. సెలెక్టర్ మీటను సెమీలోనే, అంటే ఒక్క నొక్కుకు ఒక్క గుండే వచ్చే చోటే, ఉంచండి. కొన్ని ఆటలు ఇలా ఆడితే మీ అడుగు మారుతుంది, చాటు నుంచి చాటుకు కదిలే ముందు ఎదుటివాడు ఎక్కడున్నాడో చూడడం అలవాటవుతుంది.

ఇంట్లో సాధనకు గరాజ్ చాలు. బ్యాటరీ తీసేసిన గన్‌తో, ఖాళీ మ్యాగజీన్లతో కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చడం, మోకాలి మీద కూర్చుని లేవడం, పౌచ్ వైపు చూడకుండా మ్యాగజీన్ తీసి పెట్టడం చెయ్యండి. గోడకు ఎడమవైపు నుంచి తొంగిచూసేటప్పుడు కుడి భుజం మీద గన్ ఉంటే సగం ఒళ్ళు బయట పడుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా ఔటయ్యేది ఇక్కడే. మొదటి ఆట మర్నాడు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోతారు చాలామంది. గన్‌కి లైటు, లేజరు తగిలించే ముందు రోజూ పది నిమిషాలు గుంజీళ్ళు తీయడం ఎక్కువ లాభం.

బీబీ బరువు, హాప్‌అప్

గన్ మీద వంద డాలర్లు ఎక్కువ పెట్టడం కన్నా మంచి బీబీలు కొని హాప్‌అప్ సరిగ్గా పెట్టుకోవడం వల్ల దూరం, గురి రెండూ ఎక్కువ మెరుగుపడతాయి. హాప్‌అప్ అంటే గన్ గొట్టంలో పైనుంచి బీబీకి ఆనే చిన్న రబ్బరు ముక్క. అది గుండును వెనక్కి తిరిగేలా చేస్తుంది. ఆ తిప్పుడు వల్ల గాలి దాన్ని పైకి ఎత్తిపట్టి ఉంచుతుంది.

0.20 గ్రాముల బీబీలు వేగం కొలవడానికి సరే, బయట ఆటకు గాలికి పక్కకు పోతాయి. 0.25 లేదా 0.28 వాడండి. 0.25 రకం కిలో సంచిలో 4000 బీబీలుంటాయి, మామూలు ఆటగాడికి చాలా ఆటలకు వస్తాయి. గాలి లేనప్పుడు ముదురు రంగు చెట్ల వైపు తెల్ల బీబీ ఒక్కొక్కటే కాల్చి చూడండి. మధ్యలోనే నేలకు దిగిపోతుంటే హాప్ చాలలేదు. పైకి లేచి ఆకాశంలోకి వంపు తిరిగితే ఎక్కువైంది. చాలాదూరం చదునుగా పోయి, చివర్లో మాత్రం కాస్త లేచి పడితే అదే సరైన చోటు. మామూలు ఏఈజీ కూడా ఇలా పెట్టుకుంటే 40, 50 మీటర్ల దాకా మనిషిని కొట్టగలదు.

వేగానికి, దెబ్బకు తేడా తెలుసుకోవాలి. 0.20 బీబీ సెకనుకు 350 అడుగుల (ఎఫ్‌పీఎస్) వేగంతో వెళ్తే దాని శక్తి సుమారు 1.14 జౌళ్ళు, 400 అయితే 1.49. అమెరికాలో చాలా ఇండోర్ మైదానాలు 350 దగ్గర, అవుట్‌డోర్‌వి 400 దగ్గర గీత గీస్తాయి. జపాన్‌లో చట్టమే 0.98 జౌళ్ళ దగ్గర ఆపుతుంది. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌కి 1.3, సింగిల్ షాట్‌కి 2.5. ఏఈజీలో బరువైన బీబీ వేస్తే వేగం తగ్గుతుంది, శక్తి దాదాపు అంతే ఉంటుంది. జీబీబీ, హెచ్‌పీఏల్లో అలా కాదు. బరువైన గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉండడంతో గ్యాస్ దాన్ని ఇంకా తోస్తుంది, శక్తి పెరుగుతుంది. అందుకే వాటిని ఆటలో వాడే బీబీతోనే కొలిపించాలి.

కళ్ళకు గాగుల్సా, మెష్షా?

ఈ విషయంలో మాత్రం నేను రాజీ పడను. గన్ కన్నా ముందు కొనాల్సింది ఇదే. ఇనుప మెష్ మాస్కు చెమటకు ఆవిరి పట్టదు, చౌక. కానీ నాసిరకం బీబీ గట్టి చోట తగిలి పగిలితే ఆ ముక్కలు జల్లెడ సందుల్లోంచి లోపలికి రావచ్చు. కంటికి పాలీకార్బొనేట్ లెన్సు, నోటికీ పళ్ళకూ కింది మాస్కు, ఇదీ నా సలహా. లెన్సు మీద జెడ్87 (అమెరికా కంటిరక్షణ ప్రమాణం) పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. గాగుల్స్‌కి ఆ గుర్తు వేయాలంటే పావు అంగుళం ఉక్కు గుండును సెకనుకు 250 అడుగుల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. చుట్టూ మొహానికి అతుక్కోవాలి, పక్కల్లో సందు ఉన్న షాపింగ్ మాల్ కళ్ళద్దాలు పనికిరావు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఫ్యాన్ ఉన్న గాగుల్స్‌కో, రెండు పొరల థర్మల్ లెన్సుకో డబ్బు పెట్టండి. ఆవిరి పట్టిందని ఆట మధ్యలో మాస్కు ఎత్తడమే అన్నిటికన్నా ప్రమాదం.

దారిలో, వీధిలో

2014 నవంబరులో క్లీవ్‌లాండ్ పార్కులో 12 ఏళ్ళ తమీర్ రైస్‌ను పోలీసు కాల్చి చంపాడు. ఆ పిల్లవాడి దగ్గరున్నది ఎయిర్‌సాఫ్ట్ గన్, దానికి నారింజ రంగు కొన లేదు. అమ్మే గన్‌కు ఆ కొన ఉండాలని అమెరికా ఫెడరల్ నిబంధన. కాలిఫోర్నియాలో 2016 నుంచి గన్ మీద ఇంకా కొన్ని చోట్ల కూడా మెరిసే రంగులు తప్పనిసరి. న్యూయార్క్ నగరంలో అసలుదానిలా నల్లగా ఉండే నకళ్ళకు చోటే లేదు. ఇంట్లో పిల్లలుంటే ఈ సంగతి వాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఆ కొనను పీకకూడదు. గన్‌ను ముందువాకిట్లోకి తేకూడదు. కారు నుంచి మైదానం దాకా జిప్ వేసిన సంచిలోనే ఉండాలి. ఇండియా ప్రయాణంలో సూట్‌కేసులో పెట్టుకోవాలనే ఆలోచన అసలు వద్దు.

పాతది కొంటే

కొత్తది కొనే ముందు మైదానంలో అద్దె గన్‌తో ఒక ఆట ఆడండి, అవి ఎక్కువగా ఏఈజీలే. తర్వాత ఎవరైనా పాతది అమ్ముతానంటే చౌక అని తొందరపడకండి. ఏఈజీ అయితే మీ బ్యాటరీ పెట్టి సెమీలో నెమ్మదిగా ఇరవైసార్లు కాల్చి చెవి పెట్టి వినండి. కరకరమనే శబ్దం వస్తే గేర్ల పళ్ళు అరుగుతున్నట్టు. క్రోనో మీద పది గుళ్ళ వేగం చూడండి, ఒకదానికొకటి బాగా తేడా వస్తుంటే గాలి ఎక్కడో తప్పించుకుంటోంది. జీబీబీ అయితే అన్ని మ్యాగజీన్లూ మీ ముందే గ్యాస్ నింపించి నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడండి. రెండు మ్యాగజీన్లు కారుతుంటే ఆ పాత జీబీబీకి పెట్టే ధరలో కొత్త ఏఈజీయే వస్తుంది.