హెచ్-ఇండెక్స్‌తో పన్నెండేళ్ళు: ఒక కెమిస్ట్రీ లెక్చరర్ సమీక్ష

నా హెచ్-ఇండెక్స్ 7. మన పరిశోధన పేపర్లను మిగతావాళ్ళు ఎంత వాడుకున్నారో ఒక్క అంకెలో చెప్పే లెక్క అది. పన్నెండేళ్ళుగా ఈ లెక్కతోనే కాపురం. నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పీహెచ్‌డీ కూడా ఉద్యోగం చేసుకుంటూనే పూర్తి చేశాను. ప్రమోషన్ దరఖాస్తులో, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైల్లో, సెమినార్‌కి పిలిచేవాళ్ళు అడిగే బయోడేటాలో, ఎక్కడ చూసినా దీనికో గడి ఉంటుంది. ఇప్పుడిప్పుడే పేపర్లు రాస్తున్న పిల్లలు "మేడమ్, హెచ్-ఇండెక్స్ పెరగాలంటే ఏం చెయ్యాలి?" అని తెగ అడుగుతున్నారు. వాడి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

లెక్క చాలా తేలిక. వేరే పేపర్లో మన పేపర్‌ని పేర్కొంటే అది ఒక సైటేషన్. మన పేపర్లను సైటేషన్లు ఎక్కువ ఉన్నవి పైన, తక్కువ ఉన్నవి కింద ఉండేలా పేర్చుకోవాలి. నావి ఇలా ఉన్నాయి: 61, 22, 14, 11, 9, 8, 7, 4, 3, 1, 0. పేపర్ వరస నంబరుకి తగ్గకుండా సైటేషన్లు ఉన్నంతవరకూ పైనుంచి లెక్కపెట్టాలి. అలా వస్తే ఏడో పేపర్‌కి 7 ఉన్నాయి, ఎనిమిదో దానికి 4 మాత్రమే. అందుకని 7 దగ్గర ఆగాను. ఎనిమిదికి వెళ్ళాలంటే ఏడో పేపర్‌కి ఇంకొకటి, ఎనిమిదో దానికి ఇంకో నాలుగు రావాలి. పైనున్న 61 రేపు ఆరువేలైనా ఒరిగేదేమీ లేదు. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ సైటులో దీని పక్కనే ఐ10 అని ఇంకో అంకె కనబడుతుంది, 2011లో వాళ్ళే తెచ్చారు. పది లేదా అంతకన్నా ఎక్కువ సైటేషన్లు ఉన్న పేపర్లు ఎన్ని అని చూస్తుంది. నాకు నాలుగు.

ఈ హెచ్ లెక్క కనిపెట్టింది కెమిస్ట్ కాదు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో భౌతికశాస్త్రం ప్రొఫెసర్ హోర్హే హిర్ష్, 2005లో. పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయాల్లో ఫిజిక్స్ వాళ్ళకు అసోసియేట్ ప్రొఫెసర్ కావటానికి 12, ప్రొఫెసర్ కావటానికి 18 ఉంటే సరిపోవచ్చని ఒక అంచనా కూడా రాశాడు. సబ్జెక్టు మారితే ఈ అంకెలు మారతాయని కూడా ఆయనే చెప్పాడు. అంకెలు మాత్రం సముద్రం దాటి మన స్టాఫ్‌రూముల దాకా వచ్చాయి, ఆ రెండో మాట అక్కడే ఉండిపోయింది. 2020లో హిర్ష్ మళ్ళీ రాస్తూ, తన లెక్క ఘోరంగా తప్పవచ్చనీ, దానివల్ల అనుకోని చెడు జరగవచ్చనీ ఒప్పుకున్నాడు. కనిపెట్టినవాడే అలా అన్నాక ధైర్యం వచ్చింది, అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు మంచి చెబుతాను. పాప పుట్టినప్పుడు రెండేళ్ళు ఒక్క పేపర్ కూడా రాయలేదు. అయినా 3 ఉన్నది 4 అయింది, పాత పేపర్లను ఎవరో చదువుతూనే ఉన్నారు. ఈ అంకె పెరుగుతుందేగానీ తగ్గదు, సెలవు పెట్టినందుకు కోత కొయ్యదు. రెండో మంచి, ఒక్క పేపర్ అదృష్టం కొద్దీ పేలినా మనిషి అమాంతం పైకి పోడు. సగటు చూస్తే ఈ తేడా ఎలా ఉంటుందో మా పిల్లలకు షెల్‌ఎక్స్ కథ చెబుతుంటాను. క్రిస్టల్ నిర్మాణాలు తేల్చే ఆ ప్రోగ్రాములు రాసింది జర్మనీలో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జార్జ్ షెల్డ్రిక్. ఆయన 2008లో వాటి చరిత్ర మీద ఒక పేపర్ వేశాడు. ప్రోగ్రామ్ వాడేవాళ్ళు ఈ పేపర్‌ని సైట్ చెయ్యండి అని అందులోనే రాశాడు. అందరూ చేశారు. ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, అంతకుముందు సుమారు 2, తర్వాతి ఏడాది దాదాపు 50. అందులో మిగతా పేపర్లు రాసినవాళ్ళంతా రాత్రికి రాత్రే యాభై ఇంపాక్ట్ ఉన్న పత్రికలో రాసినవాళ్ళయిపోయారు! పెళ్ళివారి ముందు వరసలో కూర్చున్నంత మాత్రాన చుట్టం కాడు కదా.

ఇక చెడు. నా 61 సైటేషన్ల పేపర్‌కి నేను ఒక్క టెస్ట్‌ట్యూబ్ కూడా కడగలేదు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతుల మీద ఒక ఎండాకాలం సెలవుల్లో మా గైడ్ గారితో కలిసి రాసిన రివ్యూ అది. యాక్టివేటెడ్ అల్యూమినా, ఎముకల బొగ్గు, పటిక-సున్నంతో చేసే నల్గొండ పద్ధతి, ఎవరెవరు ఏం చేశారో చదివి ఒకచోట పెట్టాం. కష్టం లేదనను, కానీ ఫ్యాన్ కింద పడ్డ కష్టం. పేపర్ రాసేవాళ్ళందరికీ మొదటి పేరాలో పెట్టుకోవటానికి అలాంటిది ఒకటి కావాలి, అందుకే అన్ని సైటేషన్లు.

నాలుగు సైటేషన్ల పేపర్ కనిగిరి వైపు బోరు నీళ్ళ మీద. అసలు చెప్పుకోవాల్సింది దాని గురించే. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని మొదట బయటపడింది మా పాత నెల్లూరు జిల్లాలోనే, 1937లో. షార్ట్, మరికొందరు డాక్టర్లు కలిసి ఒక వైద్య పత్రికలో రాశారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. నేను పీహెచ్‌డీ కోసం తిరిగింది ఆ ఊళ్ళే. ఆదివారం తెల్లారుజామున సంచీలో ప్లాస్టిక్ సీసాలు వేసుకుని కనిగిరి బస్సెక్కటం. ఫ్లోరైడ్‌కి గాజు సీసా పనికిరాదు, అది గాజుతోనే పెట్టుకుంటుంది. ఊళ్ళో బోరు కొట్టి, కాసేపు నీళ్ళు వదిలేసి, సీసాని ఆ నీళ్ళతోనే రెండుసార్లు కడిగి నింపుకోవాలి. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిడ "ఏందమ్మా, మా నీళ్ళు పట్టుకపోతున్నావు, మీ నెల్లూళ్ళో నీళ్ళు లేవా?" అంది. ఆమె నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు.

సోమవారం ల్యాబ్‌లో స్పాడ్న్స్ అనే రంగుతో ఫ్లోరైడ్ పరీక్ష. జిర్కోనియంతో కలిసిన ఆ రంగు మంచి ఎరుపు. శాంపిల్‌లో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, ఎంత ఉంటే రంగు అంత పాలిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసిన గొట్టం దానిమ్మ రసంలా ఉంటే, ఆ పెద్దావిడ బోరు నీళ్ళ గొట్టం పలచగా తేలిపోయింది. ఆ పద్ధతి లీటరుకి 1.4 మిల్లీగ్రాముల దాకానే కొలుస్తుంది కాబట్టి నీళ్ళు కలిపి పలచన చేసి మళ్ళీ చూశాను. లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటింది. 1.5 దాటితే తాగటానికి పనికిరాదు.

ఆ పేపర్ ఒక చిన్న పత్రికలో వచ్చింది. కొన్నేళ్ళకు ఆ పత్రిక యూజీసీ కేర్ జాబితాలో, అంటే యూజీసీ ఒప్పుకున్న పత్రికల జాబితాలో, లేదని దానికి మార్కులు లేవన్నారు. (2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఎత్తేసింది. మార్కులు మాత్రం వెనక్కి రాలేదు.) కానీ గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు ఒకాయన ఆ పేపర్లోని పట్టిక జిరాక్స్ తీయించుకుని, ఏ బోరు ఎక్కడుందో నాకు ఫోన్ చేసి మరీ అడిగాడు. తాగొద్దని గుర్తుగా రెండు బోర్లకు ఎర్రరంగు కొట్టించాడు. ఆ ఫోను ఏ ఇండెక్స్‌లోనూ ఎక్కదు.

ఎక్కనివి ఇంకా ఉన్నాయి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే అమెరికా శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చెప్పారు, మాలిబ్డేట్‌తో నీలంరంగు వచ్చేది. వేలమంది సైట్ చేశారు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళిపోయింది కాబట్టి వాడేవాళ్ళలో చాలామంది పేరు కూడా రాయరు. ప్రోటీన్ కొలిచే లౌరీ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. 1951 నాటి ఆ పేపర్‌కి 3 లక్షలు దాటాయి, ఇంతవరకు దాన్ని మించింది లేదంటారు. రెండూ రంగు చూసి కొలిచేవే. సైట్ చెయ్యటం సగం అలవాటు, సగం మర్యాద.

మర్యాద లేని సైటేషన్ల సంగతీ చెప్పాలి. నేను ఒకప్పుడు పనిచేసిన కాలేజీలో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ప్రతి ఒక్కరూ తమ కొత్త పేపర్లో మన స్టాఫ్ పేపర్లు కనీసం రెండు సైట్ చెయ్యాలి. నేనూ చేశాను, దాచుకునేదేముంది. బోరు నీళ్ళ మీద రాసిన పేపర్లో ఆర్గానిక్ సింథసిస్ పేపర్ ఒకటి ఇరికించాను. ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నది కెమిస్ట్రీ అన్న మాట ఒక్కటే. నా 22 సైటేషన్ల పేపర్లో తొమ్మిది అలా వచ్చినవే, ఇంకో మూడు నేను చేసుకున్నవే. అవి తీసేస్తే పది మిగులుతాయి. ఏ కమిటీ కూడా తీసి చూడలేదు.

పేరు గొడవ ఆడవాళ్ళకు మరీ ఎక్కువ. పెళ్ళికి ముందు నా ఇంటిపేరు అక్షరం ఒకటి, తర్వాత ఇంకొకటి. మూడు పేపర్లు ఒక మనిషివి, ఎనిమిది ఇంకో మనిషివి అన్నట్టు కొన్నాళ్ళు నడిచింది. సరిచెయ్యబోయి, చూసుకోకుండా "అన్నీ చేర్చు" నొక్కేశాను. నా పేరే ఉన్న ఒక గుండె డాక్టరమ్మ పేపర్లు వచ్చి పడ్డాయి, నా హెచ్ ఒక్కసారిగా 19! రెండు రోజులు చూసుకుని మురిసి, తీసేశాను. ఇప్పుడే రాయటం మొదలుపెట్టేవాళ్ళు మొదటి పేపర్‌కి ముందే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకోండి, పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు అది. 2012 నుంచి ఉంది, పదహారు అంకెలు, ఉచితం, ఇంటిపేరు మారినా అది మారదు. ఇంకొకటి, అప్లికేషన్లో హెచ్ రాసేటప్పుడు ఎక్కడ చూసిందో కూడా రాయండి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, కాన్ఫరెన్సు పేపర్లు కూడా లెక్కపెడుతుంది, స్కోపస్ అనే ఇంకో డేటాబేస్ తను ఎంచుకున్నవాటినే చూస్తుంది. నాకు ఒకచోట 7, ఇంకోచోట 4. ఇంటర్వ్యూలో ఈ తేడా అడిగితే టెన్షన్ పడక్కర్లేదు.

స్టార్లు అడిగితే ఐదుకి రెండున్నర. ఆ రెండున్నర కూడా అంకెకి కాదు, దాని కింద ఉండే "సైటెడ్ బై" లింకుకి. నన్నడిగితే నొక్కాల్సింది అదే, ఎవరు చదివారో, ఎందుకు చదివారో అక్కడే తెలుస్తుంది. పోయిన నెల అలాగే నొక్కితే బోరు నీళ్ళ పేపర్ కింద నాలుగోది కనబడింది. ఇథియోపియా రిఫ్ట్ వ్యాలీ నీళ్ళ మీద ఎవరో రాశారు, అక్కడా ఇదే ఫ్లోరైడ్ బాధ. నా పట్టికలోని పలచన చేసే లెక్కనే వాడుకున్నారు. వారం తర్వాత ఆ పేపర్ రాసిన అమ్మాయి మెయిల్ పెట్టింది, సీసాలు ఎన్నిరోజులు ఉంచి కొలిచారు అని. పేపర్లో ఆ సంగతి రాయటం మర్చిపోయాను. పాత నోటుబుక్కు వెతికి, శాంపిల్ తెచ్చిన తేదీ, కొలిచిన తేదీ ఫోటో తీసి పంపాను. హెచ్ ఇంకా ఏడే.