అక్క కూడా వస్తేనే: బరంపురం నుంచి మూడు ప్రయాణాలు

మా అక్క ఒడిశాలోని బరంపురానికి కాపురానికి వెళ్లి 26 ఏళ్లయింది. ఇన్నేళ్లలో మేం ఎప్పుడు వెళ్లినా ఒకటే వరస. తెల్లవారకముందే లేచి పులిహోర, పెరుగన్నం క్యారియర్లలో సర్దుతుంది. మమ్మల్ని బండి ఎక్కించి, గుమ్మంలో నిలబడి 'చీకటి పడకముందే వచ్చేయండి' అంటుంది. మేం తిరిగొచ్చేసరికి పొయ్యి మీద మూకుడు కాగుతూ ఉంటుంది. ఫొటోలన్నీ చూసి 'బాగుందే' అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అందుకే మొన్న డిసెంబరు సెలవులకు టిక్కెట్లు తీసుకున్న రోజే ఫోను చేసి చెప్పాను, ఈసారి నువ్వు రాకపోతే మేం ఎక్కడికీ కదలం అని. 'నేనొస్తే ఇల్లెవరు చూస్తారు?' అంది. ఇల్లు ఎక్కడికీ పోదులే అన్నాను.

ఈ ఒక్క షరతుతో లెక్కలన్నీ తారుమారయ్యాయి. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ప్రయాణమైతే అక్కకు రెండు పూటల వంట తప్పదు, పైగా తిరుగుడు శ్రమ. కనీసం ఒక్క రాత్రయినా బయట బస ఉండాలి. మోకాళ్ల నొప్పులతో ఉన్న 74 ఏళ్ల అమ్మ మెట్లు ఎక్కకూడదు. పదకొండేళ్ల మా అబ్బాయికి విసుగు పుట్టకూడదు. మాకున్నవి ఐదు రోజులు. అందులో రెండు రోజులు చుట్టాల ఇళ్లకే.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మళ్లాక ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నే బరంపురంలో దిగవచ్చు. దిగిన రోజే బావగారు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. ఆయన మొదటి ఓటు దారింగిబాడికి. కంధమాల్ కొండల మీద ఊరు, కాఫీ తోటలు, పైన్ చెట్లు, పొద్దున పొగమంచు. ఒడిశా కాశ్మీరం అని పేరు. నూట ఇరవై కిలోమీటర్ల పైన దూరం, చివర్లో ఘాట్ రోడ్డు. డిసెంబరు నెలాఖరులో రాష్ట్రమంతా అక్కడే ఉంటుంది. నాలుగైదు చోట్లకు ఫోను చేస్తే ఎక్కడా గది లేదు. ఘాట్ రోడ్డు అనగానే అమ్మ మొహం కూడా మారింది. ఆ పేరు కొట్టేశాం.

రెండో ఓటు మా అబ్బాయిది: చిలికాలో డాల్ఫిన్లు. ఇక్కడ చాలామంది పొరబడతారు, మేమూ పొరబడేవాళ్లమే. బరంపురం నుంచి చిలికా దగ్గరే, నలభై కిలోమీటర్లకల్లా సరస్సు కనిపిస్తుంది. కానీ డాల్ఫిన్లు కనిపించేది సరస్సు సముద్రంలో కలిసే సాతపడ వైపు. అది పూరీ పక్క. రోడ్డున భువనేశ్వర్, పూరీ మీదుగా చుట్టి వెళ్తే రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. గంజాం వైపు నుంచి మాలుద్ మీదుగా వెళ్లి, జహ్నికుడ దగ్గర బండితో సహా ఫెర్రీ ఎక్కి అవతల దిగే అడ్డదారి ఒకటి ఉంది. ఫెర్రీ అందకపోతే రోజంతా ఒడ్డునే గడిచిపోతుందని బావగారు భయపెట్టారు. మావాడికి విషయం చెప్పాను. రెండు గంటలు అలిగి, తర్వాత పడవలో ముందు సీటు తనదేనన్న ఒప్పందం మీద దిగొచ్చాడు.

అలా తేలింది మా పథకం: ఒక సాయంత్రం సముద్రపు ఒడ్డున గోపాలపురం, ఒక పగలు టిబెటన్లున్న కొండల ఊరు చంద్రగిరి, ఒక రాత్రి చిలికా ఒడ్డున రంభలో.

గోపాలపురం బరంపురానికి పదహారు కిలోమీటర్లే కాబట్టి బస అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరినా సరిపోతుంది. 1914లో కట్టిన పామ్ బీచ్ హోటల్ ఇప్పుడు మేఫెయిర్ వాళ్ల చేతిలో ఉంది. బయటి నుంచే చూసి వచ్చాం, అది మా జేబుకు అందే బస కాదు. దీపస్తంభం సాయంత్రం కొద్దిసేపే తెరుస్తారు. మావాడు, వాళ్ల నాన్న ఎక్కి వచ్చారు. సముద్రం అందంగానే ఉంది కానీ ఇక్కడి కెరటాలకు లోపలికి లాగే గుణం ఎక్కువ. పాదాలు తడుపుకుని బయటికి రావడమే మర్యాద. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ పరిసరాల్లోనే. ఆ రాత్రి ఇంటి తలుపుకు అల్మారా అడ్డం పెట్టి కూర్చున్నామని అక్క చెప్పింది.

నాకు గోపాలపురంలో మిగిలింది మాత్రం అమ్మ మాటలు. ఒడ్డున పాత రేవు తాలూకు గోడలు విరిగి నిలబడి ఉన్నాయి. వాటి పక్కన కుర్చీ వేయించుకుని 'మా తాతయ్య రంగం వెళ్లింది ఇక్కడి నుంచేనే' అంది. రంగం అంటే రంగూన్. బ్రిటిష్ కాలంలో గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలమంది తెలుగువాళ్లు, ఒరియావాళ్లు కూలి పనికి బర్మా ఓడ ఎక్కిన రేవుల్లో ఇదొకటి. బరంపురం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడే అటు వెళ్లింది. అందుకే నేటికీ ఆ ఊరి బజారులో తెలుగులో బేరం చేయవచ్చు. ఇచ్ఛాపురంలో పుట్టిన అమ్మ గోపాలపురానికి అంతకుముందు మూడుసార్లు వచ్చిందట. తాతయ్య సంగతి మాకెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే 'మీరు అడగలేదు' అంది.

మర్నాడు చంద్రగిరి. ఏడు సీట్ల కారు, పొద్దున ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకు వచ్చింది. దారిలో తప్తపాణి, అడవి మధ్య గంధకం వాసన వేసే వేడినీటి ఊట. అక్కడి ఒడిశా పర్యాటక సంస్థ పంథనివాస్‌లో ఊటనీళ్లు గదిలోని తొట్టెలోకే వచ్చే ఏర్పాటు ఉంది. మోకాళ్లవాళ్లకు ఒక రాత్రి ఉండదగ్గ చోటు. మేం ముందుగా ఆలోచించుకోలేదు. అమ్మ చేత్తో నీళ్లు తాకి, 'దీనికి కదా నన్ను తీసుకురావాల్సింది' అని నా వైపు చూసింది.

అక్కడి నుంచి కొండల మధ్య దారి. చంద్రగిరి దగ్గర 1963లో టిబెట్ శరణార్థులకు పునరావాసం ఇచ్చారు. వాళ్ల శిబిరాలను ఇప్పటికీ నంబర్లతోనే పిలుస్తారు. జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. ఎర్రని స్తంభాలు, బంగారు రంగు పైకప్పు, ముందు విశాలమైన పచ్చిక, వెనక కొండ. గజపతి జిల్లా మారుమూల ఇంత పెద్ద విహారం ఎదురుపడితే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. లోపలి నిశ్శబ్దం చూసి మావాడు కూడా గొంతు తగ్గించాడు.

అయితే డిసెంబరు ఈ ఊరికి సరైన నెల కాదని వెళ్లాకే తెలిసింది. వాళ్ల ప్రధానమైన పంట మొక్కజొన్న. అది వానాకాలం పంట కాబట్టి చలికాలంలో పొలాలు బోసిగా ఉంటాయి. మరో సంగతి, స్వెటర్లు అమ్మడానికి చలికాలంలో వాళ్లలో చాలామంది నగరాలకు వెళ్లిపోతారు. ఇంటింటికీ తాళాలు. ఒక ముసలావిడ నూడుల్స్ పులుసు వండి పెట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చామంటే, తన కొడుకు ఇప్పుడు అక్కడే కొట్టు పెట్టాడని హిందీలో చెప్పి నవ్వింది. అంత దూరం వెళ్లి స్వెటర్ కొనుక్కుందామనుకున్న మా ఆయన ఆశ అలా తీరింది.

చంద్రగిరి చూడదగ్గదే. కానీ పోను రాను రోజంతా కారులోనే గడుస్తుంది. నడుం నొప్పివాళ్లు మధ్యలో తప్తపాణిలో ఆగి రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకోవడం మేలు. ఆ రాత్రి ఇంటికి చేరాక ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. మేమంతా సోఫాల్లో కూలబడ్డాం, అక్క చారు పెట్టడానికి వెళ్లింది. సాయం చేద్దామని లేచిన నన్ను 'కూర్చోవే' అని కసిరింది.

ఇక రంభ. ఇక్కడ ముందు మా ఆయన చేసిన పని చెప్పాలి. నెల ముందే ఫోనులో ఒక ప్రైవేటు లాడ్జి చూసి, కిటికీ నిండా సరస్సు ఉన్న బొమ్మకు ముగ్ధుడై అడ్వాన్సు కట్టేశారు. బావగారు అనుమానపడి ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, మంచం మీద నుంచి నీళ్లు కనిపిస్తాయా అని. అవతలి మనిషి కాసేపు ఆలోచించి, మేడ మీదికి వెళ్తే కనిపిస్తాయన్నాడు. లాడ్జి జాతీయ రహదారి మీద ఉంది. అడ్వాన్సు తిరిగి రాలేదు. చిలికా ఒడ్డున ఎక్కడ గది తీసుకున్నా బావగారి ప్రశ్న వేశాకే డబ్బు కట్టండి.

చివరికి రంభ పంథనివాస్‌లో సరస్సు వైపు రెండు గదులు దొరికాయి. ముందు తోట, తోట అంచున నీళ్లు, నీళ్లకు అటూ ఇటూ తూర్పు కనుమల కొండలు. చిలికాలో మిగతా చోట్ల నీరు ఆకాశంలో కలిసిపోయి అవతలి ఒడ్డు తెలియదు. రంభ దగ్గర మాత్రం కొండలు సరస్సును ఒడిలో పెట్టుకున్నట్టుంటాయి. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కదల్లేదు. పడవలు, వలలు, కొంగలు, రంగు మారే నీళ్లు, అన్నీ ఆమె ముందుకే వచ్చాయి. మెట్లెక్కే పని, దిగే పని లేకుండా కూర్చున్న చోటికే దృశ్యం రావడం ముసలివాళ్లతో వెళ్లినప్పుడు ఎంత పెద్ద సౌకర్యమో అప్పుడే తెలిసింది.

సాయంత్రం పడవ. ఖల్లికోట రాజు కట్టించిన బంగళా శిథిలాలున్న బ్రేక్‌ఫాస్ట్ దీవి, ఘంటశిల కొండ, నీళ్ల మధ్య రాతి మీద ఒంటరిగా నిలబడ్డ స్తంభం. దీపం పెట్టడానికి ఆ స్తంభాన్ని కుంపిణీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. బయట ఒక పడవవాడితో ఈ మూడింటికీ బేరం కుదుర్చుకున్నాం. రెండు చూపించి, గాలి లేచిందని పడవ వెనక్కి తిప్పాడు. అదే గాలిలో మా ముందు పడవ నిక్షేపంగా స్తంభం దగ్గరికి వెళ్లి ఆగింది. వాడెవరో ఇప్పుడు అనవసరం కానీ, సగం డబ్బు దిగాకే ఇవ్వాలని నేర్చుకున్నాం. లైఫ్ జాకెట్లు మాత్రం అడగకుండానే ఇచ్చాడు. పక్షుల కోసం వచ్చేవాళ్లు రంభ మీద ఆశలు పెట్టుకోవద్దు. మాకు నీటికాకులు, కొంగలు, ఒక గద్ద కనిపించాయంతే. వలస పక్షుల గుంపులు చిలికాలోనే ఉన్న నలబణ దీవి వైపు ఉంటాయి.

రాత్రి భోజనానికి పీతలు, రొయ్యలు. అమ్మకు పప్పులో కూరగాయలన్నీ కలిపి ఉడికించే డాల్మా పెట్టారు. 'మన కలగూర పప్పే, పోపు వేరు' అని తీర్పు ఇచ్చింది. అక్క రెండుసార్లు లేచి కంచాలు తీయబోయింది. రెండుసార్లూ బావగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే అక్క పక్క ఖాళీగా ఉంది. బయట తోట చివర, గట్టు మీద శాలువా కప్పుకుని కూర్చుంది. సరస్సు అక్కడ తూర్పుకే తెరుచుకుని ఉంటుంది కాబట్టి సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నా ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక 'నలభై కిలోమీటర్లే కదే' అంది. 26 ఏళ్లలో ఆమె చిలికాను రైలు కిటికీలోంచి తప్ప చూడలేదట. రంభ దాటాక బాలుగావ్ దాకా పట్టాలు సరస్సు పక్కనే వెళ్తాయి. భువనేశ్వర్ వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే అదే ఆమెకు విహారయాత్ర. అది కూడా నాలుగైదుసార్లు.

ఆ రోజు తిరిగి వెళ్లకుండా బర్కుల్ వైపు మళ్లాం, అమ్మకు చిలికాలో దీవి మీద ఉన్న కాళీజాయి అమ్మవారిని చూడాలని ఉంది. అత్తవారింటికి పడవలో బయల్దేరిన జాయి అనే కొత్త పెళ్లికూతురు తుపానులో మునిగిపోయి, ఆ దీవిలో దేవత అయిందని కథ. సంక్రాంతికి పెద్ద జాతర జరుగుతుంది, అప్పుడు ముసలివాళ్లను తీసుకెళ్లకపోవడం మంచిది. మామూలు రోజు కాబట్టి రద్దీ లేదు. పడవ ఎక్కించడానికి ఇద్దరు సరంగులు అమ్మను రెండు చేతులా పట్టుకున్నారు, దిగేటప్పుడూ అంతే. డబ్బు ఇవ్వబోతే ఒకాయన దణ్ణం పెట్టి వద్దన్నాడు. ముందు రోజు పడవవాడి మీద నా కోపం సగం అక్కడే దిగింది.

లెక్క చూసుకుంటే గోపాలపురం, చంద్రగిరి కార్లకు అయిన ఖర్చు రంభలో ఒక గది అద్దెను దాటింది. మళ్లీ వెళ్తే చంద్రగిరిని సెప్టెంబరుకు దాచి, రంభలోనే రెండు రాత్రులు ఉంటాం.

మావాడి డాల్ఫిన్ల బాకీ అలాగే ఉంది. ఈలోగా బావగారు మంగళాజోడి సంగతి ఎత్తారు. చిలికాకు ఉత్తరాన టాంగి దగ్గర పల్లె అది. ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే ఇప్పుడు కాపలా కాస్తూ, మోటారు లేని పడవల్లో గెడ వేస్తూ రెల్లుగడ్డి మధ్యకు తీసుకెళ్లి చూపిస్తారు. పొద్దెక్కకముందే పడవలో ఉండాలంటే ముందు రాత్రి ఆ చుట్టుపక్కలే బస చేయాలి. మొన్న ఫోనులో అక్క ఈ మాట చెప్పి, 'ఇద్దరికీ ఒక గది చాలు, మీరు వచ్చేదాకా ఆగం' అంది.