కుక్క కరిస్తే టీకా చర్మంలోకా, కండలోకా?

కుక్క కరిచిందనగానే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పేది ఒకటే: "గవర్నమెంటు ఆసుపత్రికెందుకు, ప్రైవేటులో మంచి సూది వేయించండి." గవర్నమెంటులో చర్మంలోకి వేసే రేబిస్ టీకా చౌకబారు మందని చాలామంది అనుమానం. మందులో తేడా ఏం లేదు, వేసే తీరే వేరు.

ప్రైవేటులో మామూలుగా ఒక వయల్ (చిన్న మందు సీసా) మొత్తం భుజం కండలోకి ఎక్కిస్తారు. 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. చర్మంలోకైతే 0.1 మి.లీ. చొప్పున రెండు భుజాలకూ వేస్తారు. 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వెళ్తే చాలు. చర్మంలో రోగనిరోధక కణాలు దండిగా ఉంటాయి కాబట్టి అంత చిన్న చుక్కకే రక్షణ వస్తుంది. మన దేశంలో ఈ పద్ధతికి 2006లోనే అనుమతి ఇచ్చారు. (బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇంకా భయపెట్టేవాళ్లున్నారు. అవి ఎప్పుడో పోయాయి.)

చిక్కల్లా వేసేవాళ్ల నేర్పుతోనే. సూది గుచ్చినచోట కమలాపండు తొక్కలా గుంటలు పడ్డ చిన్న బుడిపె లేవాలి. లేవలేదంటే మందు లోతుకు దిగిపోయినట్టే, అక్కడే అడిగి మళ్లీ వేయించుకోవాలి. పైగా తెరిచిన వయల్ కొన్ని గంటల్లోనే వాడేయాలి. రోజుకు ఒకరిద్దరే వచ్చే చిన్న క్లినిక్కులో కండలోకి వేయించుకోవడమే నయం. ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లకూ అదే మేలు. దగ్గర్లో పెద్దాసుపత్రి ఉంటే మాత్రం నా ఓటు చర్మంలోకే. పిరుదుకు వేస్తామంటే ఎవరినైనా సరే వద్దనండి.

ఈ చర్చకు ముందు గాయం సంగతి చూడాలి. పసుపూ సున్నం పూయకుండా, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రక్తం వచ్చిందంటే గాయంలోకీ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన యాంటీబాడీల మందు) కూడా పడాల్సిందే. టీకా పని మొదలవడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా కాపాడేది అదే. టీకా ఎక్కడ వేయించాలని తర్జనభర్జన పడి, దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

కరిచింది గేదెనైతే? అక్కడ చర్మంలోకి వేసే గొడవే లేదు, కండలోకే ఆ ఐదు తేదీల్లో ఐదు డోసులు. గాయం మానింది కదా అని రెండో సూదితోనే ఆపేస్తుంటారు. రేబిస్ వైరస్ నరాల వెంట మెదడుకు చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందని తెలియకే అలా చేస్తారు. కరిచిన కుక్క 10 రోజుల తర్వాత కూడా హుషారుగా తిరుగుతుంటే మిగతా డోసుల గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. అది కనబడకుండా పోతే మనిషికైనా గేదెకైనా కోర్సు పూర్తి చేయాల్సిందే.