మూడు వానాకాలాలు చూసిన ఈ-బ్యాండ్ రేడియో

అనంతపురంలో మొబైల్ టవర్ల మధ్య లింకులు చూసుకోవడం నా పని. 2023 ఎండాకాలంలో మాకు రెండు ఈ-బ్యాండ్ హాప్‌లు, అంటే తీగ లేకుండా గాలిలోనే డేటా మోసే రేడియో లింకులు, వచ్చాయి. ఒకటి టౌన్‌లోనే, మిద్దె మీది పోల్ నుంచి టవర్‌కు 1.8 కిలోమీటర్లు, రెండు వైపులా 30 సెంటీమీటర్ల డిష్‌లు. రెండోది ఊరి బయటికి 3.5 కిలోమీటర్లు, 60 సెంటీమీటర్ల డిష్‌లు. ఇప్పటికి మూడు వానాకాలాలు చూశాం. మొదటిది బంగారం లాంటి లింక్. రెండోదాన్ని అంత దూరానికి ఒంటరిగా వదిలిపెట్టకూడదు. ఎందుకో చెబుతాను.

పాత 15 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌లో ఛానెల్ వెడల్పు 28 మెగాహెర్ట్జ్. ఎంత పిండినా సెకనుకు 200 మెగాబిట్లు దాటడం కష్టం. 4జీ రోజుల్లో దాంతోనే సర్దుకున్నాం. 5జీ పెట్టాక సాయంత్రం ఏడు దాటితే లింక్ నిండిపోయేది. ఫైబర్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ కాలువ కోసమో రోడ్డు కోసమో జేసీబీ దిగిన ప్రతిసారీ మా గుండెల్లో రాయి పడుతుంది. ఈ-బ్యాండ్ అంటే రేడియో తరంగాల్లో 71 నుంచి 76, 81 నుంచి 86 గిగాహెర్ట్జ్ మధ్య చోటు. ఒక వైపు కింది భాగంలో పంపుతుంది, ఎదుటి వైపు పై భాగంలో బదులిస్తుంది. 250 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు రెండు కలిపి వాడుతున్నాం. ఆకాశం తేటగా ఉంటే 3 గిగాబిట్ల దాకా వస్తుంది. పాతదానికి 15 రెట్లు. మొదటి రోజు సాయంత్రం గ్రాఫ్ చూసి నిజంగా సంతోషపడ్డాను.

అలైన్‌మెంట్, అంటే రెండు డిష్‌లను ఎదురెదురుగా సరిగ్గా గురిపెట్టడం, మాత్రం ఓపికకు పరీక్షే. 60 సెంటీమీటర్ల డిష్ నుంచి వచ్చే బీమ్ వెడల్పు అర డిగ్రీ కూడా ఉండదు. 3.5 కిలోమీటర్ల అవతల అది దాదాపు 27 మీటర్ల వెడల్పు. మొదటిసారి మేం చేసిన తప్పు చెప్పాలి. లెక్క ప్రకారం సిగ్నల్ మైనస్ 29 డీబీఎం దగ్గర రావాలి. డీబీఎం అంటే సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ. మాకు మైనస్ 50 వచ్చింది. లింక్ లేచింది, డేటా పోతోంది, చీకటి పడుతోంది, దిగేశాం. అసలు బీమ్ పక్కన చిన్న చిన్న బీమ్‌లు ఉంటాయి, వాటిని సైడ్ లోబ్ అంటాం. మేం పట్టుకున్నది దాన్నే. మొదటి తుంపరకే లింక్ పడిపోయింది. మళ్లీ ఎక్కి, డిష్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి, రెండు చిన్న శిఖరాల మధ్య ఉన్న పెద్ద శిఖరం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. లెక్కలో వచ్చిన అంకె మీటర్‌లో కనబడేదాకా టవర్ దిగకండి.

వాన గురించి నాకు మొదటి నుంచీ టెన్షనే. అనంతపురం కరువు సీమ, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, ఇక్కడ ఈ-బ్యాండ్‌కు ఏం భయం అని ప్లానింగ్ వాళ్లు అన్నారు. కానీ 2022 అక్టోబరులో టౌన్‌లోని నడిమివంక వాగు పొంగి రుద్రంపేట వైపు ఇళ్లు మునగడం చూసినవాళ్లం మేం. మా వాన ఏడాదంతా పంచుకుని పడదు, పడితే కుండపోతే. ఈ రేడియోకు కావాల్సిన లెక్క ఏడాది మొత్తం కాదు, ఆ పది నిమిషాల జోరు. 80 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 4 మిల్లీమీటర్ల లోపే, ఇంచుమించు పెద్ద వాన చినుకంత. అందుకే ప్రతి చినుకూ దాన్ని చెదరగొడుతుంది, కొంత మింగేస్తుంది. గంటకు 25 మిల్లీమీటర్ల జోరుకు కిలోమీటరుకు 11 డెసిబెల్స్, 50కి సుమారు 18, 100కి 30 దాకా పోతాయి. మూడు డెసిబెల్స్ పోతే సగం బలం పోయినట్టు.

ఈ లెక్కే మా రెండు హాప్‌ల కథ. చిన్న హాప్ 50 మిల్లీమీటర్ల జోరు దాకా ఎలాగో నిలబడుతుంది. రేడియో తనంతట తానే మాడ్యులేషన్ తగ్గించుకుంటుంది, అంటే ఒక్కో సంకేతంలో తక్కువ డేటా పెడుతుంది, 3 గిగాబిట్లు కాస్తా వందల మెగాబిట్లకు దిగుతాయి, కానీ లింక్ ఉంటుంది. పెద్ద హాప్ మాత్రం దారి పొడవునా వాన ఉంటే 25 మిల్లీమీటర్ల జోరుకే చేతులెత్తేస్తుంది. వాన ఆగాక కూడా కాసేపు సిగ్నల్ పూర్తిగా కోలుకోదు. డిష్ ముందు కవర్ మీద నీటి పొర ఆరాలి. ఎండాకాలమంతా పట్టిన దుమ్ము ఉంటే ఆ పొర ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే ఇప్పుడు జూన్‌కు ముందే కవర్లు తుడిపిస్తున్నాం.

ఇంతా చేస్తే, మొదటి ఏడాది చిన్న హాప్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది వాన కాదు, ఆషాఢం గాలి. మబ్బు లేదు, చినుకు లేదు, సిగ్నల్ మాత్రం నిమిషానికి నాలుగుసార్లు ఊగుతోంది. పోల్ ఎక్కి పనిచేసే రిగ్గర్‌ను పైకి పంపితే ఫోన్‌లో అన్నాడు: "సార్, నట్లు గట్టిగానే ఉండాయి. గాలికి పైపే ఊగుతాంది." బీమ్ ఒక డిగ్రీ లోపు ఉన్నప్పుడు పైపు అర డిగ్రీ వంగినా సగం బలం పోతుంది. పాత 15 గిగాహెర్ట్జ్ డిష్ అదే పైపు మీద ఏళ్లుగా ఉన్నా, దాని బీమ్ వెడల్పు ఎక్కువ కాబట్టి ఎప్పుడూ తెలియలేదు. లావు పైపు వేసి, మూడు వైపులా ఆనించి బిగించాక ఆ గొడవ పోయింది. మన జిల్లాలో మిద్దె మీద పోల్ పెట్టేవాళ్లు రేడియో ధరతో పాటు ఈ ఖర్చూ రాసుకోండి.

దారికి అడ్డం విషయంలో ఒక మేలు ఉంది. 1.8 కిలోమీటర్ల మధ్యలో ఖాళీగా ఉండాల్సిన చోటు 1.3 మీటర్ల వ్యాసార్థం చాలు, 15 గిగాహెర్ట్జ్‌కు అదే 3 మీటర్లు కావాలి. కానీ ఉన్న అడ్డాన్ని మాత్రం దాటదు. వేప చెట్టు ఆకు రాల్చిన ఫిబ్రవరిలో సర్వే చేసి బాగుందనుకుంటే, ఉగాదికి చిగురు వేసి సిగ్నల్ మింగేస్తుంది. నేను ఇప్పుడు సర్వే ఫొటోలో చెట్టు కనబడితే అది నిండుగా ఉన్నట్టే లెక్క వేస్తున్నాను.

మిల్లీమీటర్ తరంగాలన్నీ ఒకటే అనుకోకూడదు. 60 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డెసిబెల్స్ తాగేస్తుంది, అది గదిలోకో వీధిలోకో సరిపోతుంది. 80 దగ్గర ఆ బాధ చాలా తక్కువ, అందుకే టవర్ల మధ్యకు ఇది నప్పింది. 2022 5జీ స్పెక్ట్రం వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ వేరే కథ. అది నేరుగా వినియోగదారుల కోసం, గోడ అడ్డం వస్తే అదీ తడబడుతుంది. 1895లోనే కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ ఇలాంటి పొట్టి తరంగాలతో దూరం నుంచి గంట మోగించి చూపించారు. టవర్ మీద 30 సెంటీమీటర్ల డిష్ బిగించేటప్పుడు ఆ సంగతి గుర్తొస్తే గర్వంగా ఉంటుంది.

పెద్ద హాప్‌ను పీకేయమని నేను చెప్పలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది 3 గిగాబిట్లు మోస్తోంది, ఆ సుఖం వదులుకోలేం. గోడౌన్‌లో పడేసిన పాత 15 గిగాహెర్ట్జ్ డిష్‌ను తెచ్చి పక్కనే బిగించి రెండింటినీ జత చేశాం. వాన ముదిరితే కాల్స్, ముఖ్యమైన ట్రాఫిక్ దాని మీదికి మారిపోతాయి, వీడియోలు నెమ్మదిస్తాయి. పోయిన అక్టోబరులో ఈ-బ్యాండ్ నలభై నిమిషాలు పడిపోయిన రాత్రి కూడా ఆ సైట్ నుంచి మాకు ఒక్క ఫిర్యాదు రాలేదు.