టెఫ్లాన్ కుళాయి ఉన్న 250 మి.లీ. సెపరేటింగ్ ఫన్నెల్: అమలాపురం ల్యాబులో ఏళ్ల వాడకం తర్వాత

సెపరేటింగ్ ఫన్నెల్ అంటే ఒకదానితో ఒకటి కలవని రెండు ద్రవాల పొరలను విడదీసే, కింద కుళాయి ఉన్న గాజు పాత్ర. బెంజోయిక్ ఆమ్లాన్ని నాఫ్తలీన్ నుంచి విడదీసే ప్రాక్టికల్‌కి ఏళ్లుగా వాడుతున్నది ఈ బేరిపండు ఆకారపు బోరోసిలికేట్ ఫన్నెలే. గాజు కుళాయి రకం కంటే ధర ఎక్కువే, అయినా ఇదే కొనండి. గాజు కుళాయికి గ్రీజు రాయాలి, ఆ గ్రీజు కాస్తా ద్రావణిలో కరిగి మీ పదార్థంలో కలుస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో పనిచేసి కడగకుండా రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి కుళాయి బిగుసుకుపోయి ఉంటుంది. టెఫ్లాన్‌కి ఈ రెండు బాధలూ లేవు.

దానికున్న బలహీనత వేరే. వేడికి గాజు కంటే టెఫ్లాన్ ఎక్కువ వ్యాకోచిస్తుంది. నట్టు బిగించి ఉంచి ఓవెన్‌లో ఆరబెడితే కుళాయి ఆకారం చెడిపోతుంది, చల్లారాక చుక్క చుక్కగా కారడం మొదలవుతుంది. కడిగాక కుళాయి ఊడదీసి విడిగా ఆరబెట్టండి. దాచేటప్పుడు నట్టు వదులుగా ఉండాలి. పనికి ముందు కాస్త నీళ్లు పోసి కారుతోందేమో చూడండి.

కొలతలు చెబుతాను. ఆమ్లం 1 గ్రాము, నాఫ్తలీన్ 1 గ్రాము 40 మి.లీ. ఇథైల్ అసిటేట్‌లో కరిగించి, సంతృప్త సోడియం బైకార్బనేట్ 20 మి.లీ. చొప్పున రెండుసార్లు పోస్తాం. ఆమ్లం లవణంగా మారి కింది నీటి పొరలోకి దిగుతుంది, నాఫ్తలీన్ పైన అసిటేట్ పొరలోనే ఉండిపోతుంది. 1 గ్రాము ఆమ్లం నుంచి దాదాపు 200 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది! అందుకే మొదటి విడతకి స్టాపర్ పెట్టకుండా నురగ తగ్గేదాకా నెమ్మదిగా తిప్పాలి. ఆ తర్వాతే స్టాపర్ పెట్టి, తలకిందులు చేసి, కాడని మనుషులకు దూరంగా పైకి ఉంచి కుళాయి తెరిచి గాలి వదలాలి. చాలామంది ఒక్కసారి వదిలి ఇక చాలనుకుంటారు. రెండు మూడు ఊపులకోసారి వదలాల్సిందే. పొరలు తేరుకున్నాక స్టాపర్ తీస్తేనే కింది పొర ధారగా దిగుతుంది.

ఇథైల్ అసిటేట్ ఉన్నప్పుడు సోడియం హైడ్రాక్సైడ్ వాడకండి, అసిటేట్ ఎస్టర్ కాబట్టి విచ్ఛిన్నమవుతుంది. దాని బదులు ద్రావణిగా ఈథర్ వాడే సంగతి సరేసరి. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మన డెల్టాలో ఈథర్ పోసిన ఫన్నెల్‌కి స్టాపర్ పెట్టడమంటే ప్రమాదాన్ని చేతిలో పట్టుకోవడమే.

ఆర్ద్రతను లాగే పదార్థం దగ్గర కూడా ఇక్కడి ఎండ అడ్డుపడుతుంది. అనార్ద్ర సోడియం సల్ఫేట్ 32.4 డిగ్రీలు దాటితే నీటిని పట్టి ఉంచదు. వేసవిలో అసిటేట్ పొరని ఆరబెట్టడానికి మెగ్నీషియం సల్ఫేట్ వాడాలి. వానాకాలం సీసా మూత తీసి ఉంచితే ఏదైనా గడ్డకడుతుంది.

నీళ్ల విషయంలో రాజీ పడొద్దు. సముద్రం వైపు బోరు నీళ్లు ఉప్పగా, కాల్షియంతో ఉంటాయి. బైకార్బనేట్ కలిపితే తెల్లటి మడ్డి వచ్చి రెండు పొరల మధ్య పేరుకుంటుంది. పొరలు త్వరగా విడిపోవాలని కళ్లుప్పు వేసినా అందులోని మెగ్నీషియం, మట్టి ఇదే పని చేస్తాయి. శుద్ధ సోడియం క్లోరైడ్, డిస్టిల్డ్ వాటర్ ఉండాలి.

బైకార్బనేట్ పొరలో కరిగిన ఇథైల్ అసిటేట్ చాలానే ఉంటుంది. ఆమ్లం కలిపి బెంజోయిక్ ఆమ్లాన్ని తిరిగి రాబట్టే ముందు, అంటే ఆమ్లీకరించే ముందు, నీటి తొట్టెలో కాసేపు వేడిచేసి దాన్ని పోగొట్టండి, మంట పనికిరాదు. లేకపోతే బెంజోయిక్ ఆమ్లం స్ఫటికాల బదులు నూనెలా దిగుతుంది. చల్లారాక పెద్ద బీకరులో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా పోయండి. ఈ పరిమాణానికి దాదాపు 4 మి.లీ. పడుతుంది, పీహెచ్ 2కి రావాలి. 25 డిగ్రీల దగ్గర 50 మి.లీ. నీళ్లు 0.17 గ్రాముల ఆమ్లాన్ని తమలోనే ఉంచేసుకుంటాయి, మంచులో పెడితే నష్టం సగానికి తగ్గుతుంది. వడకట్టాక మంచు నీళ్లతోనే, కొద్దిగా కడగాలి. ఆరాక ద్రవీభవన స్థానం 122 దగ్గర ఉంటే పని బాగున్నట్టు. తక్కువకీ, విశాలంగానూ కరిగితే నాఫ్తలీనో తేమో ఉంది.

ఆవకాయలో బెంజోయేట్ (పాడవకుండా కలిపే బెంజోయిక్ ఆమ్ల లవణం) పరీక్షకి కూడా ఈ ఫన్నెల్‌నే వాడతాం. నూనె ఉంటుంది కాబట్టి గట్టిగా ఊపితే పొరలు అసలు తేరుకోవు. ఉప్పుతో సంతృప్తం చేసి, వడకట్టి, ఆమ్లీకరించి, క్లోరోఫామ్‌తో మెల్లగా అటూ ఇటూ వంచాలి. క్లోరోఫామ్ బరువు కనుక ఇక్కడ మనకి కావాల్సింది కింది పొర. ఒకేసారి ఎక్కువ పోయడం కంటే కొంచెం కొంచెంగా మూడు నాలుగు సార్లు తీస్తేనే ఆమ్లం పూర్తిగా వస్తుంది.

కొనేటప్పుడు అదనపు వాషర్లు, ఓ-రింగులు కూడా అడిగి తీసుకోండి. ముందు అరిగేవి అవే, విడిగా కావాలంటే దొరకడం కష్టం.